పరాయి మంద

ఆ గడ్డిమైదానంలో డాక్టరు సూదినైనా నమ్మనివాళ్లు ఉండేవారు గానీ, ఖంద్మా కంటిని నమ్మనివాళ్లు లేరు. దూరాన గుట్టవాలులో మేస్తున్న ఆవును చూసి, "తెల్లారేలోగా ఈనుతుంది, దగ్గర కట్టేసుకో" అనేది. ఈనేది. మంద కదిలిపోతుంటే వెనక నిలబడి, "ఆ మూడోదానికి గిట్టలో రాయి ఇరుక్కుంది" అనేది. తీసి చూస్తే రాయి ఉండేది. పదిహేడో ఏట సర్కారు వారి ఉమ్మడి పాడిలో పాలు పితకడానికి చేరింది. పొదుగు తడిమి ఏ ఆవో చెప్పగలదని అప్పట్లో ఒక పతకం కూడా ఇచ్చారు. ఉమ్మడి పాడి పోయింది, పశువులు తలా కొన్ని పంచారు, మొగుడు గుర్రం మీంచి పడి పోయాడు, పిల్లలు కలగనే లేదు. యాభై తొమ్మిదేళ్ల వయసులో ఆమెకు మిగిలినవి పదకొండు ఆవులు, రెండొందల గొర్రెలు, ఒక ముసలి కుక్క, ఆ కన్ను. పశువుల్లో తనకు తెలియనిది లేదని ఆమె నమ్మకం. మనిషిలో వేరే వంక పెట్టడానికి లేదు.

వాగుకి అవతల గోంచిగ్ గుడారం. ఇక్కడి కుక్క మొరిగితే అక్కడి కుక్క బదులు చెప్పేంత దూరం. ముప్ఫై ఏళ్లుగా ఆ రెండిళ్లూ ఒకదానికొకటి సాఖల్త్. అంటే వేసవిలో పొద్దున్నే ఈమె గొర్రెపిల్లలు ఆయన మందలోకి పోతాయి, ఆయనవి ఈమె మందలోకి వస్తాయి. సొంత పిల్లలు పగలంతా పక్కనే ఉంటే తల్లుల్ని పీల్చి పిప్పి చేస్తాయి, సాయంత్రానికి పితకడానికి చుక్క మిగలదు. పరాయి తల్లి దగ్గరికి పోతే కాలితో ఒక్కటి ఇస్తుంది కాబట్టి బుద్ధిగా గడ్డి మేస్తాయి. పాలు పితికాక ఎవరి పిల్లలు వాళ్ల ఇంటికి. సాఖల్త్‌తో పోట్లాట పెట్టుకున్నవాడికి పెరుగూ ఉండదు, మీగడా ఉండదు. అందుకని చుట్టాలతోనైనా తగవులు పడతారు గానీ సాఖల్త్‌తో పడరు.

ఆ ఏడు వేసవి సగానికొచ్చినా వాన లేదు. గడ్డి కాళ్ల కింద పొడిపొడి అయిపోయింది. ఖంద్మా తన గొర్రెల్ని తూర్పున రెండు రోజుల నడక దూరంలో ఉన్న చవుడు మడుగు దగ్గరికి తోలుకుపోదామనుకుంది. పాలిచ్చే ఆవులు అంత దూరం నడవలేవు. వాటిని గోంచిగ్ ఇంటికి అప్పగించింది.

"మా కోడలు పిండుతుందిలే," అన్నాడు గోంచిగ్. "దాని చేతులు మెత్తన. ఏ ఆవూ తన్నదు."

"చేతులేనా, నోరూ మెత్తనే," అంది ఆయన భార్య సెవ్‌జిద్. "నేను పది మాటలంటే ఒక 'ఊఁ' రాలుస్తుంది. ఇంట్లో మనిషి ఉందో లేదో తెలీదు నాకు."

కోడలి పేరు అనుదారి. ఆ వసంతంలోనే కాపురానికి వచ్చింది. పుట్టింటివాళ్లు వెంట ఒక ఎర్రావును తోలారు, నొసటన తెల్ల మచ్చ ఉన్నదాన్ని. ఆ పిల్ల అప్పుడు కూడా "ఊఁ" అనే అంది.

మడుగు దగ్గర ఖంద్మా ఇరవై రోజులుంది. ఎక్కడెక్కడి మందలో అక్కడే చేరాయి. మంచినీళ్ల బావి ఒక్కటే, దాని పక్కన పొడుగాటి తొట్టి ఒక్కటే. ఒక మంద మూతులు తీస్తుంటే ఇంకో మంద మూతులు పెట్టేది. కాపరులు పలకరింపుగా ముక్కుపొడుం ఉన్న పొడుంకాయలు మార్చుకుని, క్షేమాలు అడిగి, వానదేవుణ్ణి తిట్టుకుని వెళ్లేవాళ్లు. ఇంటి దగ్గర వాన పడిందని కబురు రాగానే ఆమె వెనక్కి మళ్లింది.

వచ్చి చూస్తే ఆవుల చన్నుల మీద ఒక్క పగులు లేదు. వెన్న రాసి రాసి పితికినట్టుంది. ఇరవై రోజుల మీగడా ఎండబెట్టి, గుడ్డలో చుట్టి, ఒక్క పలుకు తగ్గకుండా అప్పగించింది అనుదారి. ఖంద్మా మెచ్చుకుంటే తల వంచుకుని నవ్వింది. మర్నాడు పొద్దున్నే, ఒళ్లునొప్పులైనా తీరకముందే, ఖంద్మా గొర్రెపిల్లల్ని వాగు దాటించింది. తిరిగొచ్చామని చెప్పుకోవడానికి వాళ్లకి వేరే మాట అక్కర్లేదు.

నాలుగో రోజు ఒక గొర్రెపిల్ల కుంటింది. ఖంద్మా కాలెత్తి చూసింది. గిట్ట సందున కాస్త పచ్చిగా ఉంది. ముల్లేదో గుచ్చుకుని ఊడిపోయిందనుకుని వెన్న రాసి వదిలేసింది. రెండు రోజుల్లో అది మామూలుగా గెంతుతోంది. పశువుల్ని గుట్టవాలంత దూరం నుంచి చదివేసే కన్ను, చేతిలో పట్టుకున్న గిట్టను చదవలేకపోయింది.

తొమ్మిదో రోజు సెవ్‌జిద్ వాగు నీళ్లలో గౌను తడుపుకుంటూ పరుగున వచ్చింది.

"ఖంద్మా, ఒకసారి రా. మా ఎర్రావు గడ్డి ముట్టడం లేదు. నోట్లోంచి తీగలు తీగలుగా కారుతోంది."

దగ్గరికి పోకముందే ఖంద్మాకి తెలిసిపోయింది. ఆవు పెదాలు చప్పరిస్తోంది, ముందరి కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి విదిలిస్తోంది. గాలికుంటు. అక్కడి మాటలో దాని పేరు చొంగ మీదుగానే వచ్చింది, కానీ పేరెత్తితే పిలిచినట్టేనని ఎవరూ ఎత్తరు. "ఆ నోటిదే" అంది ఖంద్మా. మరో నాలుగు ఆవులకి అప్పటికే నాలుక మీద పొక్కులు లేచాయి.

గోంచిగ్ చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. గుడ్డపేలిక తెచ్చి, ఎర్రావు నోట్లో తిప్పి, ఆ చొంగని బాగున్న ఆవుల చిగుళ్లకి రుద్దడం మొదలుపెట్టాడు.

"మా నాన్న ఇలాగే చేసేవాడు," అన్నాడు. "అన్నిటికీ ఒకేసారి వచ్చి ఒకేసారి పోవాలి. ఒక్కోదానికీ వస్తూ పోతే వేసవంతా పాలుండవు."

ఖంద్మా తలూపింది. ఆమె తండ్రి కూడా అదే చేసేవాడు. ఆ కాలంలో రోగం వస్తే పశువు చిక్కేది, మళ్లీ కోలుకునేది. ఇప్పుడు చట్టం వేరు. రోగం కనిపించిన పశువును బతకనివ్వరు. ఈ సంగతి గోంచిగ్‌కి ఎవరైనా చెప్పారో లేదో గానీ, చెప్పినా తండ్రి మాట ముందు ఆ మాట నిలిచేది కాదు.

సెవ్‌జిద్ మజ్జిగతేటతో ఆవుల నోళ్లు కడుగుతోంది. ఆ సందట్లో గుట్ట ఎక్కి, సిగ్నల్ దొరికే చోట నిలబడి పశువుల డాక్టరుకి ఫోను చేసింది అనుదారి. ఎవరూ చెప్పలేదు, తనే చేసింది. ఆ పిల్ల నోరు విప్పింది ఒక్కసారి, అదీ సరైన చోట. అందుకు ఆమెను క్షమించినవాళ్లు లేరు.

డాక్టరు ఏనెబిష్ మర్నాడు మధ్యాహ్నానికి దిగాడు. గోంచిగ్ పొడుంకాయ చాపితే అందుకోలేదు, టీ గిన్నె ముట్టుకోలేదు. బూట్లకి రోగం చచ్చేలా చాకలిసోడా నీళ్లు కొట్టుకున్నాడు.

"ఏం డాక్టరూ, మా టీ తాగితే నీకూ చొంగ కారుద్దా?" అంది సెవ్‌జిద్.

"కారదు వదినా. నా బూట్లతో పక్కింటి ఆవుకి కారుద్ది. ఏమీ అనుకోకు."

ఏనెబిష్ అంటే 'ఇది కాదు' అని. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, మృత్యువు గుమ్మంలోకి వచ్చి వెతికినా ఆనవాలు పట్టకుండా పెట్టే పేరు. గోంచిగ్‌కి ఆ కష్టంలోనూ వెటకారం పోలేదు. "మీ అమ్మానాన్న తెలివైనోళ్లయ్యా. మా ఆవులన్నిటికీ నీ పేరే పెట్టుండాల్సింది," అన్నాడు.

డాక్టరు నవ్వలేదు. కాగితం తీసి వరసగా అడిగాడు. వసంతంలో టీకా వేయించారా? లేదు. చూలు ఆవులు, సూది పొడిస్తే కడుపు పోతుందని గోంచిగ్ పొడవనివ్వలేదు. ఈ మూడు వారాల్లో కొత్త పశువేదైనా కొన్నారా? లేదు. మీ పశువులు పరాయి మందతో కలిశాయా?

"లేదు," అన్నాడు గోంచిగ్. "జింకలు మాత్రం ఆ గుట్ట దాకా వస్తున్నాయి."

పరాయి మంద ఏదైనా మీ తొట్టిలో నీళ్లు తాగిందా?

"లేదయ్యా. ఇక్కడ పరాయివాళ్లెవరున్నారు?"

డాక్టరు వాగు దాటి ఖంద్మాని అవే ప్రశ్నలు అడిగాడు. పరాయి మందతో కలిశాయా అంటే, ఆవుల సంగతే కదా అనుకుని, లేదంది. ఆమె ఆవులకి టీకా పడింది కాబట్టి అవి నిక్షేపంగా ఉన్నాయి. గొర్రెల్ని తర్వాత వచ్చి చూస్తానని, ఏ మందనీ కదిలించొద్దని చెప్పి హడావిడిగా వెళ్లిపోయాడు.

మూడో రోజుకి గోంచిగ్ రుద్దిన చొంగ పని చేసింది. ఇరవై మూడు ఆవులూ కుంటడం మొదలుపెట్టాయి. పట్నం నుంచి మట్టి తవ్వే యంత్రం వచ్చింది, తుపాకులు పట్టుకుని ఇద్దరు వచ్చారు. గొయ్యి తవ్వడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది, మిగతా పనికి అంతసేపు పట్టలేదు. దూడల్ని కూడా వదల్లేదు. గొయ్యి మీద సున్నం పోశారు. సెవ్‌జిద్ పాలబిందెలు తోమి, గుడారం పక్కన వరసగా బోర్లించింది. ఖంద్మా వాగు ఇవతల నిలబడి అంతా చూసింది. వెళ్లి పట్టుకుని ఏడుద్దామంటే తుపాకులవాళ్లు దాటనివ్వలేదు. ఆ రోజు ఆమె నిజంగానే గోంచిగ్ ఇంటివాళ్లతో పాటు ఏడ్చింది. అప్పటికి ఆమెకి ఏమీ తెలియదు.

రాకపోకలు ఆపేశారు. దారిలో కాపలా పెట్టారు. పని లేని నోళ్లకి అంతకన్నా ఏం కావాలి? మొదట చొంగ కార్చింది ఏ ఆవు? కోడలు తెచ్చిన ఆవు. డాక్టర్ని పిలిచి తుపాకులు తెప్పించింది ఎవరు? కోడలు. ఆ ఆవు వచ్చి మూడు నెలలైంది, రోగం ఒంట్లో దాక్కునేది మహా అయితే రెండు వారాలు అని డాక్టరు చెప్పి చూశాడు. డాక్టరు లెక్క డాక్టరుది, లోకం లెక్క లోకానిది.

"దాని కాలు గుమ్మంలో పడింది, మా దొడ్డి ఊడ్చుకుపోయింది," అని వాగు అవతలి నుంచి అరిచి చెప్పింది సెవ్‌జిద్. "దారి తెరిచిన రోజే దాన్ని పుట్టింటికి పంపించేస్తున్నా. కొన్నాళ్లు ఉండి రమ్మన్నా."

ఆ 'కొన్నాళ్లు' అంటే ఏమిటో అందరికీ తెలుసు. అనుదారి మొగుడు గుర్రాన్ని ఒంటిచేత్తో లొంగదీయగలడు గానీ తల్లి ముందు గొంతు పెగలదు. గోంచిగ్ కూడా మాట్లాడలేదు. అదే ఖంద్మాకి వింతగా తోచింది. ఆయన ఊరుకునే మనిషి కాదు.

దారి తెరవడానికి ఐదు రోజులుందనగా ఏనెబిష్ గొర్రెల్ని చూడటానికి వచ్చాడు. ఖంద్మా ఒక్కో పిల్లనీ మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకుంటే, అతను పెదవి ఎత్తి లోపల చూస్తున్నాడు. ఐదో పిల్ల దగ్గర ఆగిపోయాడు. చిగురు మీద మానిపోయిన తెల్లటి మచ్చ. ఏడో దానికీ ఉంది. గిట్టల సందున కూడా.

"ఇది ఎప్పుడు కుంటింది అక్కా?"

"ఒక్క పూట కుంటింది. ముల్లు గుచ్చుకుందనుకున్నా."

"గొర్రెల్లో ఇంతే. దొంగలా వస్తుంది, దొంగలా పోతుంది. గొర్రె చావదు, చిక్కదు, మేత మానదు. పక్కనున్న ఆవుకి అంటించి ఊరుకుంటుంది. వీటిని ఎక్కడికైనా తీసుకెళ్లావా?"

"చవుడు మడుగుకి. వానకి ముందు."

అతను కాగితాలు తిరగేశాడు. "అదీ సంగతి. మడుగు చుట్టూ నాలుగు చోట్ల బయటపడింది. ఆ తొట్టిలోనే పట్టుకొచ్చినయ్యి నీ గొర్రెలు. నీ ఆవులకి టీకా ఉంది, బతికిపోయినయ్యి. కానీ ఇక్కడి నుంచి వాగు దాటి గోంచిగ్ ఇంటికి ఎలా పోయింది? మీ మందలు కలవలేదన్నారు. ఆయనా అదే అన్నాడు, నువ్వూ అదే అన్నావు."

ఖంద్మా పట్టు సడలింది. గొర్రెపిల్ల జారిపోయి మందలో కలిసింది. ఆమె అబద్ధం చెప్పలేదు. గోంచిగ్ చెప్పలేదు. ముప్ఫై ఏళ్లుగా పొద్దున్నే వాగు దాటే ఆ పిల్లల్ని వాళ్లిద్దరిలో ఎవరూ పరాయివనుకోలేదు. పొద్దంతా గోంచిగ్ మందలో తిరిగి, మిట్టమధ్యాహ్నం ఆయన ఆవులు తాగే తొట్టిలోనే మూతి పెట్టి తాగే తన పిల్లలు ఆమె కళ్ల ముందు కనిపించాయి.

"మేము సాఖల్త్ తమ్ముడూ," అంది. "పిల్లల్ని మార్చుకుంటాం."

ఏనెబిష్ అలాగే నేల మీద చతికిలబడ్డాడు. "మా అమ్మా మార్చేది," అన్నాడు. "నేనే తోలేవాణ్ణి, పొద్దున్నే, కాళ్లకి చెప్పుల్లేకుండా. ఆ కాగితంలో 'పరాయి' అని రాసినవాడికి తెలీదంటే సరే. నాకేమైంది? నేనెందుకు అడగలేదు?"

లేచి దులుపుకున్నాడు. వెళ్లేముందు, "మడుగు నుంచి తిరిగొచ్చిన గొర్రెల వల్ల అని రాస్తాను. ఎవరివని బయట చెప్పను. నువ్వూ చెప్పక్కర్లేదు, మానిపోయిన గొర్రెల్ని చట్టం అడగదు. ఇక మాత్రం పిల్లల్ని మార్చొద్దు," అన్నాడు.

మంచివాడు. ఆమెకో దారి చూపించి పోయాడు. ఐదు రోజులు ఖంద్మా ఆ దారినే పట్టుకుని నడిచింది. టీకా వద్దన్నది గోంచిగే కదా అనుకుంది. చొంగ రుద్దింది ఆయనే కదా అనుకుంది. తను కావాలని చేయలేదు కదా అనుకుంది. అన్నీ నిజాలే. అన్ని నిజాలు కలిపినా ఆ పిల్ల మూట కట్టుకోవడం ఆగదు. ఖంద్మాకి భయమేసింది. చట్టానికి కాదు, పశువులు పోతాయని కాదు. ఖంద్మా కన్ను తప్పిందని జనం అంటారని కొంత, సెవ్‌జిద్ మొహం చూడాలని చాలా. ఆవుల్ని పితకడానికి కూర్చుంటే చాలు, పగుళ్లు లేని ఆ చన్నులు చేతికి తగిలేవి. లేచి వచ్చేసేది.

దారి తెరిచిన రోజు పొద్దున్నే వాగు దాటింది.

గుడారం ముందు మోటారు సైకిలు సిద్ధంగా ఉంది. వెనక అనుదారి మూట, పుట్టింటికి ఇవ్వడానికి ఆవులున్నప్పటి కాస్త మీగడతో, కట్టి ఉంది. కొడుకు చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. గోంచిగ్ గుమ్మం పక్కన కూర్చుని ఎండిపోయిన తోలు పట్టీని ఊరికే మెత్తన చేస్తున్నాడు.

"రా రా," అంది సెవ్‌జిద్. "నెల రోజులైంది నీ మొహం చూసి. టీ తాగుదువు."

"టీ తర్వాత వదినా. ముందు నేను చెప్పేది విను. రోగం తెచ్చింది ఈ పిల్ల ఆవు కాదు. నా గొర్రెలు. మడుగు దగ్గర పట్టుకొచ్చినయ్యి. వచ్చిన మర్నాడే నా పిల్లల్ని నీ మందలోకి తోలాను. ఒకటి కుంటితే చూసి కూడా ముల్లనుకున్నాను. డాక్టరు నోళ్లు తెరిచి మచ్చలు చూపించాడు."

సెవ్‌జిద్ మొహం ముందు అర్థం కానట్టుంది, తర్వాత తెల్లబోయింది, ఆ తర్వాత ఎర్రబడింది.

"డాక్టరు వచ్చి పోయి ఐదు రోజులైంది," అంది.

"అవును."

"ఐదు రోజులు! ఈ పిల్లని నేను నోటికొచ్చినట్టు తిడుతుంటే నీకు వాగు అవతలకి వినపడలేదా? ముప్ఫై ఏళ్లు నా పొయ్యి దగ్గర కూచున్నావే!"

"వినపడింది," అంది ఖంద్మా.

గోంచిగ్ తోలు పట్టీ కింద పెట్టాడు. ఎవరి వైపూ చూడకుండా అన్నాడు: "ఈమె గొర్రెలు తెచ్చింది ఐదు ఆవులకే. మిగతా పద్దెనిమిదింటికీ నేనే నా చేత్తో రుద్దాను. నేను నోరు మూసుకుని నెల రోజులైంది. ఈమెని అనేముందు నన్ను అను."

సెవ్‌జిద్ మొగుణ్ణి ఏమీ అనలేదు. కోడలి వైపు తిరిగి, "ఆ మూట దించు. ఎండలో మీగడ పాడవుద్ది," అంది. క్షమించమని అనలేదు. అంతకన్నా ఎక్కువ ఆమెకి చేతకాదు.

అనుదారి మూట దించింది. ఖంద్మా వైపు చూసి, చాలా మెల్లగా, "పెద్దమ్మా, టీ పొయ్యనా?" అంది.

"వద్దు," అంది సెవ్‌జిద్.

ఆ గడ్డ మీద శత్రువైనా సరే టీ తాగకుండా గుమ్మం దాటడు. ఖంద్మా తాగకుండానే దాటింది.

ఆ తర్వాత నాలుగు రోజులకి గోంచిగ్ వాళ్లు గుడారం విప్పుకుని, ఉన్న గొర్రెల్ని తోలుకుని, గుట్ట వెనక్కి మారిపోయారు. ఆ మందని తోలింది అనుదారే, గుర్రం మీద. వెళుతూ ఒకసారి చెయ్యెత్తింది. ఖంద్మాకి ఆ చుట్టుపక్కల పిల్లల్ని మార్చుకోవడానికి ఇంకెవరూ లేరు, ఉన్నా మార్చుకునేది కాదు. గొర్రెపిల్లలు వేసవంతా తల్లుల వెంటే తిరిగాయి. సాయంత్రం పితకడానికి కూర్చుంటే పొదుగులు ఖాళీగా ఉండేవి. ఆ ఏడు ఆమె గుడారం మీద ఎండబెట్టిన పెరుగుబిళ్లలు ఆవుపాలవే, గొర్రెపాలవి ఒక్కటీ లేదు.

శరదృతువులో గుర్రాలు వెతుక్కుంటూ ఒకతను అటు వచ్చాడు. మందని చూసి గుర్రం ఆపేశాడు. దిగి ఒక పిల్ల నడుం మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు. వేళ్లకి ఎముక తగల్లేదు.

"అక్కా, ఇట్టాంటి పిల్లల్ని నేను ఈ చుట్టుపక్కల చూళ్లేదు. కొవ్వు చూడు! నీ కన్ను కన్నే, నీ చెయ్యి చెయ్యే. ఏం పెట్టావేంటి వీటికి?"

"నేనేం పెట్టలేదు," అంది ఖంద్మా. "వాటి తల్లుల పాలు అవే తాగినయ్యి."